ఏటి పంచాంగం

న్యూయార్క్ రాష్ట్రంలో ట్రౌట్ చేపల వేటకు ఆరంభదినం ఏప్రిల్ 1. కాట్‌స్కిల్ కొండల్లోని రాస్కో అనే చిన్న ఊరికి ఆ రోజు జాతరే. తెల్లవారకముందే హోటళ్ళలో కాఫీ పొగలు లేస్తుంటాయి. ఛాతీ దాకా వచ్చే నీరు చొరని తొడుగులు వేసుకుని, తొమ్మిదడుగుల సన్నని గాలపు కర్రలు పట్టుకుని జనం ఏటి ఒడ్డుకు చేరతారు. చాలా ఏళ్ళు ఒడ్డున మంచు ఇంకా పేరుకునే ఉంటుంది. నీళ్ళు గడ్డకట్టే స్థితికి నాలుగైదు డిగ్రీల దూరంలో ఉంటాయి. చేపలు అడుగున రాళ్ళ చాటున కదలకుండా పడి ఉంటాయి. ఆ పూట చేప పడితే విశేషం, పడకపోతే మామూలు. వేటకు ఇంత అనువుకాని రోజు ఆ తర్వాత అక్టోబర్ దాకా దాదాపు రాదు. ఒడ్డున ఇంత జనం కనిపించే రోజూ అరుదే.

ఈ వింతకు మూలం ఒకటే. ఏప్రిల్ 1 ప్రభుత్వం పెట్టిన ముహూర్తం. ఏటికి వేరే పంచాంగం ఉంది. దానిలో తేదీలు ఉండవు. నీటి వేడిమి, పగటి నిడివి, పురుగుల పుట్టుక ఉంటాయి. ఈ రెండు పంచాంగాలకూ మధ్య దాదాపు మూడు వారాల తేడా వస్తుంది. ఫ్లై ఫిషింగ్ అనే విద్య సారమంతా ఆ తేడాను అర్థం చేసుకోవడంలోనే ఉంది.

రాస్కో న్యూయార్క్ నగరానికి వాయవ్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎడిసన్‌లోనో, జెర్సీ సిటీలోనో ఉండే తెలుగువాళ్ళు కారెక్కితే మూడు గంటల లోపే చేరుకోవచ్చు. అక్కడ బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండు ఏర్లు కలుస్తాయి. ‘కిల్’ అంటే పాత డచ్చి భాషలో ఏరు. ఇంగ్లీషులో ఆ మాటకున్న చంపడమనే అర్థానికీ దీనికీ సంబంధం లేదు. 17వ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన డచ్చివాళ్ళ మాటలు కొండల పేర్లలోనూ ఏర్ల పేర్లలోనూ అలా మిగిలిపోయాయి. ఏర్లు కలిసే చోట ఏర్పడిన మడుగు పేరు జంక్షన్ పూల్. ఆరంభదినాన మొదటి గాలం పడేది ఆ మడుగులోనే. దానికో కథ కూడా ఉంది. కింది నుంచి ఎదురీదుతూ వచ్చిన ఒక ట్రౌట్ ఈ సంగమం దగ్గర ఆగి, ఏ ఏట్లోకి వెళ్ళాలో తేల్చుకోలేక, ఆలోచించీ ఆలోచించీ రెండు తలలు మొలిపించుకుందట. ఆ రెండు తలల చేప పేరు బీమాక్. రెండు ఏర్ల పేర్లనూ కలిపి కట్టిన పేరు. ఆరంభదినం సందర్భంగా దాని పేరిట విందు చేసుకునే ఆనవాయితీ కూడా ఆ ఊళ్ళో ఉంది.

వేటకు కొంతకాలం తలుపు మూయడం వెనుక ఉన్న కారణం చేపల సంతానం. ఈ ఏర్లలో ముఖ్యమైన రెండు జాతులు బ్రూక్ ట్రౌట్, బ్రౌన్ ట్రౌట్. రెండూ శరత్కాలంలో, అంటే అక్టోబర్, నవంబర్ నెలల్లో గుడ్లు పెడతాయి. ఆడచేప పక్కకు ఒరిగి, తోకతో గులకను చిమ్మి గుంట చేస్తుంది. అందులో గుడ్లు వదిలి మళ్ళీ గులకతోనే కప్పుతుంది. చలికాలమంతా గుడ్లు ఆ రాళ్ళ సందుల్లోనే ఉంటాయి. రాళ్ళ మధ్య నుంచి పారే చల్లని నీరు వాటికి ఊపిరి. పైనుంచి ఒక మనిషి అడుగు పడితే ఆ గూడు ముగిసినట్టే. పిల్లలు గులకలోంచి పైకి వచ్చేది వసంతంలో. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల పాటు మరపడవలను సముద్రంలోకి వెళ్ళనివ్వకపోవడం వెనుక ఉన్న తర్కమూ ఇదే. అక్కడ వలలు ఆగుతాయి, ఇక్కడ 2022 దాకా గాలాలు ఆగేవి. రెండు చోట్లా తెరిచే రోజు కోసం ఎదురుచూసే మనుషులుంటారు. తేడా ఏమిటంటే, తీరంలో ఆ ఎదురుచూపు పొట్టకూటిది; కాట్‌స్కిల్‌లో మనసుది.

తలుపు తెరిచిన నాటికి ఏరు ఎలా ఉంటుందన్నది తర్వాతి సంగతి. ఏప్రిల్ తొలి రోజుల్లో కొండల మీద మంచు కరుగుతూ ఉంటుంది. ఆ నీరు ఏట్లోకి దిగి వేడిమిని రెండు నుంచి ఐదు డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబెడుతుంది. ట్రౌట్ శీతల రక్తపు జీవి. దాని ఒంటి వేడి నీటి వేడితో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. ఇంత చలిలో దానికి ఆకలి తక్కువ, అరుగుదల నెమ్మది. తిండి ముక్కు ముందుకు వస్తే నోరు తెరుస్తుందే గాని, అడుగు దూరం వెంబడించే ఓపిక దానికి లేదు. ప్రవాహం ఉధృతంగా ఉన్న చోటు వదిలి, లోతైన మడుగుల అడుగున, రాతి చాటున ఉంటుంది. ఒడ్డున ఉన్నవాడి అవస్థ వేరు. కర్ర మీద దారం నడిచే ఇనుప వలయాల్లో నీటి తడి గడ్డకట్టి దారం కదలదు. ప్రతి పది నిమిషాలకూ వేళ్ళతో ఆ మంచును గిల్లి తీసుకోవాలి. వేళ్ళు మొద్దుబారిపోతాయి, ముడి వేయడానికి రెండు నిమిషాలు పట్టే పని పది నిమిషాలవుతుంది.

తెలుగు పల్లెల్లో చెరువు గట్టున వేసే గాలానికీ ఈ గాలానికీ పోలిక పేరులోనే. చెరువు గాలంలో కొక్కేనికి ఎర్రను గుచ్చుతారు. దారానికి బెండు కడతారు, అది మునిగితే చేప కొరికినట్టు. ఎర బరువు, సీసపు గుండు బరువు దారాన్ని తీసుకుపోయి నీళ్ళలో వేస్తాయి. ఫ్లై ఫిషింగ్‌లో ఎర లేదు. కొక్కేనికి ఈకలు, ఉన్ని, దారం చుట్టి పురుగు పోలికలో చేసిన బొమ్మ ఉంటుంది. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువు దాదాపు సున్నా, ఊదితే ఎగిరిపోతుంది. అలాంటి దాన్ని పదిహేను గజాల దూరాన వేయడం ఎలా? ఇక్కడ బరువంతా దారానిదే. మందంగా, పూత పూసి చేసిన దారాన్ని కర్రతో వెనక్కి విసిరి, మళ్ళీ ముందుకు విసురుతారు. దారం గాలిలో కొరడాలా చుట్ట విప్పుకుంటూ పోయి, చివరన కట్టిన సన్నని, కంటికి కనబడని దారపు కొసన ఫ్లైని నీటి మీద దించుతుంది.

ఈ విసురులో కీలకం చేతి బలం కాదు, ఆగడం. దారాన్ని వెనక్కి విసిరాక అది వెనకాల పూర్తిగా చాచుకునేదాకా చేతిని నిలపాలి. అది అర క్షణమో, ముప్పాతిక క్షణమో. అంతకుముందే ముందుకు లాగితే కొస చెళ్ళున చిట్లి ఫ్లై తెగిపోతుంది. ఆలస్యమైతే దారం వెనకాల పొదల్లోకి జారిపోతుంది. ఎంత దారం బయటున్నదో దాన్ని బట్టి ఆగే కాలం మారుతుంది. కొత్తవాళ్ళకు ఇది చివరిదాకా పట్టుబడదు. ఏదో చేస్తూ ఉండాలన్న ఆరాటం చేతిని నిలవనివ్వదు. దీన్ని ఒక చదువుగా నేర్పడానికి జోన్ వుల్ఫ్, భర్త లీ వుల్ఫ్‌తో కలిసి 1979లో బీవర్‌కిల్ ఎగువ భాగాన ఒక పాఠశాల తెరిచారు. జోన్ అంతకుముందే విసురు పోటీల్లో జాతీయ స్థాయి విజేత. ఆగడమూ ఒక పనేనని శాస్త్రంగా బోధించిన చోటు అది.

ఫ్లై నీటి మీద పడ్డాక రెండో కష్టం. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి నిలబడుతుంది. తిండి దాని దగ్గరికి కొట్టుకుని రావాలి. నిజమైన పురుగు నీటితో పాటే, నీటి వేగంతోనే వస్తుంది. ఫ్లై అలా రాదు; ఏటి మధ్య వేగంగా పోయే నీరు దారాన్ని లాగితే ఫ్లై పక్కకు జారి, నీటి మీద చిన్న గీత గీస్తుంది. పురుగు గీత గీయదని చేపకు తెలుసు. దీన్ని ఈడ్పు అనవచ్చు. ఈ ఈడ్పు పడకుండా నాలుగైదు అడుగులు ఫ్లైని సహజంగా తేలనివ్వడమే పనితనం. వేటగాళ్ళు మాట్లాడుకునే మాటల్లో సగం ఈ నాలుగడుగుల గురించే.

ఇంతకూ ఆ బొమ్మ ఏ పురుగుది? ప్రధానంగా మేఫ్లైది. తొలకరి వానకు తెలుగునాట ఉసుళ్ళు ఎలా లేస్తాయో, వసంతంలో ఏటి మీద మేఫ్లైలు అలా లేస్తాయి. రెండిటికీ చుట్టరికం లేదు గాని, తొందర ఒకటే. మేఫ్లై తన బతుకులో దాదాపు ఏడాది పాటు రాళ్ళ అడుగున, రెక్కలు లేని పిల్లపురుగుగా ఉంటుంది. తగిన రోజున పైకి తేలి, నీటి ఉపరితలం మీద పాత చర్మం చీల్చుకుని రెక్కలతో బయటపడుతుంది. రెక్కలు ఆరి ఎగరగలిగేదాకా కొన్ని క్షణాలు నీటి మీదే తెరచాప పడవలా తేలుతూ పోతుంది. ట్రౌట్‌కు అదే పండగ. ఎగిరిపోయిన పురుగు చెట్ల మీద మరొకసారి చర్మం విడిచి, ఒకటి రెండు రోజుల్లో జత కట్టి, నీటి మీద గుడ్లు రాల్చి చనిపోతుంది. రెక్కల దశలో అది ఏమీ తినదు. తినడానికి పనిచేసే నోరు కూడా దానికి ఉండదు.

ఆ తగిన రోజును నిర్ణయించేది నీటి వేడిమి. నీరు మధ్యాహ్నం వేళ పది డిగ్రీల దగ్గరికి చేరడం మొదలైతే, ఏప్రిల్ మూడో వారం ప్రాంతంలో, క్విల్ గోర్డన్ అని పిలిచే బూడిదరంగు మేఫ్లై లేస్తుంది. వారం పది రోజుల తర్వాత హెండ్రిక్‌సన్ వస్తుంది. అది వచ్చే వేళ మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య. ఒక గంట సేపు ఏరంతా పైకి తేలిన చేపల ముక్కులతో నిండిపోతుంది. ఆ తర్వాత మే, జూన్ నెలల్లో ఒకదాని వెనుక ఒకటిగా మరెన్నో. ఈ వరసను కాట్‌స్కిల్ వాసి ఆర్ట్ ఫ్లిక్ 1947లో ఒక చిన్న పుస్తకంగా వేశాడు. స్కొహారీ ఏటి ఒడ్డున మూడేళ్ళ పాటు పురుగులు పట్టి, ఏది ఎప్పుడు లేస్తుందో రాసుకున్న ఫలితం అది. జేబులో పట్టే ఆ పుస్తకమే ఏటికి అచ్చయిన పంచాంగం. అయితే ఆ తేదీలు కూడా అటూ ఇటూ జరుగుతాయి. అందుకే పాత వేటగాళ్ళు కాగితం కంటే చెట్టును నమ్ముతారు: షాడ్‌బుష్ అనే పొద ఒడ్డున తెల్లగా పూస్తే హెండ్రిక్‌సన్ దగ్గరపడ్డట్టు. కార్తెను పంచాంగంలో చూసి, విత్తనం మాత్రం నేల తడిని చూసి వేసే రైతు పద్ధతే ఇది.

ఈ విద్య కాట్‌స్కిల్ ఏర్లలోనే ఇంతగా ఎదగడానికి కారణం ఒక విధ్వంసం. ఈ కొండల సొంత చేప బ్రూక్ ట్రౌట్. నిజానికి అది ట్రౌట్ కాదు, చార్ అనే దగ్గరి చుట్టం. ఎర్రటి పొట్ట, రెక్కల అంచున తెల్లని గీత, ఒంటి మీద నీలి వలయాల్లో ఎర్ర చుక్కలు దాని గుర్తులు. 1975లో న్యూయార్క్ దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. అది చల్లని, శుభ్రమైన నీటిలోనే బతుకుతుంది. ఏ ఫ్లై వేసినా అమాయకంగా పట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో ఈ కొండల మీదికి తోళ్ళు పదును చేసే కర్మాగారాలు వచ్చాయి. దక్షిణ భారతంలో తోళ్ళ పదునుకు తంగేడు చెక్క వాడినట్టు, అక్కడ హెమ్లాక్ చెట్టు బెరడు వాడారు. బెరడు ఒలిచి, మాను చాలాచోట్ల అక్కడే వదిలేశారు. కొండలు బోడి అయ్యాయి. ఏటి మీద నీడ పోయింది, నీరు వేడెక్కింది, కర్మాగారాల మురుగు దానిలోనే కలిసింది. పైగా రైళ్ళు వేసిన తర్వాత నగరం నుంచి వేటగాళ్ళు బుట్టలతో దిగారు. 1880ల నాటికి బ్రూక్ ట్రౌట్ ఎగువ వాగుల్లోకి తప్పుకుంది.

ఖాళీ అయిన చోటును నింపడానికి వచ్చింది బ్రౌన్ ట్రౌట్. 1883లో జర్మనీ నుంచి బారన్ ఫాన్ బేర్ పంపిన గుడ్లు ఓడలో వచ్చాయి. ఫ్రెడ్ మేథర్ వాటిని లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ కేంద్రంలో పొదిగించాడు. ఈ చేప కాస్త వేడి నీటిని ఓర్చుకుంటుంది, పెద్దగా పెరుగుతుంది. మొదట దాన్ని చాలామంది తిట్టుకున్నారు, ఎందుకంటే అది పట్టుబడదు. ఐరోపాలో శతాబ్దాలుగా గాలాల మధ్య బతికిన జాతి. నీటి మీద తేలే పురుగును నింపాదిగా పరిశీలించి గాని నోరు తెరవదు. బ్రూక్ ట్రౌట్‌ను ఆకట్టుకున్న మెరుపుల ఫ్లైలు, నీటి లోపల ఈడ్చుకుపోయే పాత పద్ధతులు దీని ముందు చెల్లలేదు. చేప తెలివైనదైతే మనిషి చదువుకోక తప్పదు.

ఆ చదువు మొదలుపెట్టినవాడు థియొడోర్ గోర్డన్. 1854లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆరోగ్యం అంతంతమాత్రం, నెవర్‌సింక్ ఏటి ఒడ్డున ఒంటరిగా బతుకుతూ ఫ్లైలు కట్టి అమ్ముకునేవాడు, పత్రికలకు రాసేవాడు. అప్పటికి ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ నీటి మీద పొడిగా తేలే డ్రై ఫ్లైని శాస్త్రంగా చేసి 1886లో పుస్తకం రాశాడు. గోర్డన్ ఆయనకు ఉత్తరం రాశాడు. 1890లో హాల్ఫర్డ్ తన ఫ్లైల నమూనాలు పంపాడు. వాటిని పెట్టుకుని అలాగే కట్టి ఉంటే కథ అక్కడే ముగిసేది. హాల్ఫర్డ్ ఏర్లు సుద్దరాతి ఊటల నుంచి పుట్టి, అద్దంలా నింపాదిగా పారేవి. కాట్‌స్కిల్ ఏర్లు బండల మీద దూకుతూ, నురగ కక్కుతూ పారేవి. పురుగులూ వేరే. ఇంగ్లీషు పురుగును అమెరికా ఏటి మీద తేలిస్తే చేపకు అది పరాయి భాష. గోర్డన్ తన ఏటి పురుగులను చూసి, నురగలోనూ మునగకుండా తేలే సొంత ఫ్లైలు కట్టాడు. వాటిలో మేటి క్విల్ గోర్డన్. ఏప్రిల్‌లో తొలిగా లేచే ఆ మేఫ్లైకి ఆ పేరు దీని నుంచే వచ్చింది. ఆ ఫ్లై ఒళ్ళు నెమలి పింఛపు కన్ను దగ్గరి పీచు. నూగు తీసేస్తే ఒకవైపు లేతగా, ఒకవైపు ముదురుగా ఉండే ఆ పీచును చుట్టితే పురుగు పొట్ట మీది గీతలు అచ్చంగా వస్తాయి. గోర్డన్ 1915లో మరణించాడు.

ఆయన తర్వాత ఆ పనితనం ఆ కొండల్లోనే ఇళ్ళ వంటగదుల్లో, వరండాల్లో సాగింది. లిబర్టీ ఊరి పోస్టాఫీసు ఉద్యోగి రాయ్ స్టీన్‌రాడ్ గోర్డన్ దగ్గర నేర్చుకున్నాడు. 1916లో ఒక కొత్త ఫ్లై కట్టి, తనతో వేటకు వచ్చే మిత్రుడు ఎ.ఇ. హెండ్రిక్‌సన్ పేరు పెట్టాడు. తర్వాత పురుగుకూ అదే పేరు నిలిచింది. రాస్కో ప్రాంతంలో వాల్ట్, విన్నీ డెట్టీ దంపతులు, హ్యారీ, ఎల్సీ డార్బీ దంపతులు బతుకంతా ఈ పనిలో గడిపారు. ఫ్లై తేలడానికి కావలసింది కోడిపుంజు మెడ ఈక. అది గట్టిగా, మెరుస్తూ, నీరు అంటనిదై ఉండాలి. మేఫ్లై రెక్కలకు సరిపోయే బూడిద నీలి రంగు ఈకలు దొరకడం కష్టమని హ్యారీ డార్బీ స్వయంగా ఆ రంగు కోళ్ళను పెంచాడు. కోడిపుంజులను ఈక రంగును బట్టి కాకి, డేగ, నెమలి అని వేరు చేసే గోదావరి జిల్లాల పందెగాళ్ళకు ఆ పట్టుదల కొత్తగా అనిపించదు. వాళ్ళు ఈక చూసి పుంజును అంచనా వేస్తారు. ఆయన ఈక కోసమే పుంజును పెంచాడు.

ఏర్ల మీద తర్వాత పడిన చేయి నగరానిది. న్యూయార్క్ నగర దాహం తీర్చడానికి 1950లు, 60లలో నెవర్‌సింక్ మీదా, డెలావేర్ నది రెండు పాయల మీదా ఆనకట్టలు కట్టారు. గోర్డన్ తిరిగిన లోయలో కొంత నీట మునిగింది. కాని ఆనకట్ట అడుగు నుంచి వదిలే నీరు ఎండాకాలంలోనూ చల్లగా ఉండడంతో దిగువన డెలావేర్ పాయల్లో ట్రౌట్ బలిసింది. బీవర్‌కిల్‌కు ఆనకట్ట లేదు. దాని దిగువ భాగం జూలై ఎండలకు 20 డిగ్రీలు దాటి కాగుతుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గి, చేపలు చల్లని ఊటలు కలిసే చోట గుంపుగా చేరతాయి. అలాంటి రోజుల్లో గాలం వేయడం మర్యాద కాదని వేటగాళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటారు. చట్టం తెరిచి ఉంచిన తలుపును ఏరు మూసిన సందర్భం అది.

మళ్ళీ ఏప్రిల్ 1కి వస్తే, ఆ రోజున ఈ సుకుమారమైన డ్రై ఫ్లైలకు పని ఉండదు. తేలే పురుగే లేదు. అందుకని బరువు చుట్టిన పిల్లపురుగు బొమ్మలను అడుగున దొర్లిస్తారు. లేదా చిన్న చేపను పోలిన పొడుగాటి బొమ్మను మడుగులో నెమ్మదిగా లాగుతారు. వానపాముతో వచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకే ముందుగా చేప పడినా ఆశ్చర్యం లేదు. వసంతంలో ప్రభుత్వ కేంద్రాల్లో పెంచిన చేపలను లారీల్లో తెచ్చి ఏర్లలో వదులుతారు. చేతి నుంచి మేత తిని పెరిగిన ఆ చేపకు పురుగంటే ఏమిటో ఇంకా తెలియదు. ఆరంభదినాన బుట్టకెక్కేవాటిలో అవి చాలానే ఉంటాయి. మామూలు రోజుల్లో ఒక మనిషి నిలబడ్డ మడుగులోకి ఇంకొకరు దిగకపోవడం మర్యాద. ఆ ఒక్క పూటా ఆ మర్యాదకు సెలవు. భుజాలు రాసుకుంటూ నిలబడతారు, దారాలు మెలిపడతాయి, నవ్వుకుంటారు.

చేపను పట్టడం, తినడం ఒకటే అన్న భావన 20వ శతాబ్దంలో మెల్లగా సడలింది. ఒక మంచి చేపను ఒక్కసారి మాత్రమే పట్టి ముగించడం దుబారా అని లీ వుల్ఫ్ 1939 నాటి తన పుస్తకంలో వాదించాడు. పట్టిన చేపను తడి చేత్తో, ముల్లు లేని కొక్కెం నుంచి విడిపించి తిరిగి నీటిలో వదలడం అలవాటుగా మారింది. 1960ల నుంచి బీవర్‌కిల్, విల్లోవీమాక్‌లలో కొన్ని మైళ్ళ మేర ఒక్క చేపనూ చంపరాదన్న నియమం పెట్టారు. అలా ‘కిల్’ అని పేరున్న ఏటి ఒడ్డునే ‘నో కిల్’ అన్న బోర్డు వెలిసింది. 2022లో రాష్ట్రం మరో అడుగు వేసింది. అక్టోబర్ 16 నుంచి మార్చి 31 దాకా కూడా కృత్రిమ ఎరలతో గాలం వేయవచ్చు, అయితే పట్టిన ప్రతి చేపనూ వదిలేయాలి అన్నది కొత్త నియమం. అంటే ఇప్పుడు ఏప్రిల్ 1న తెరుచుకునేది ఏటి తలుపు కాదు, వంటింటి తలుపు. పట్టింది వదిలేసేవాడికి ఆ తేదీతో చట్టరీత్యా పని లేదు.

అయినా ఏప్రిల్ 1న రాస్కోకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది చేపను ఇంటికి తీసుకెళ్ళరు కూడా. మూసిన తలుపు ఒకప్పుడు వాళ్ళను గుమ్మం ముందు నిలబెట్టింది. చలికాలమంతా దీపం కింద ఫ్లైలు కట్టుకోవడం, దారానికి మైనం రాసుకోవడం, పటం ముందేసుకుని మడుగుల పేర్లు వల్లించడం ఆ నిరీక్షణలో పుట్టిన అలవాట్లు. తలుపు తీసేశాక కూడా ఆ అలవాట్లకు ఒక రోజు కావాలి. తెలుగు రైతుకు ఏరువాక పున్నమి ఇలాంటిదే. జ్యేష్ఠ పున్నమినాటికి వాన పడి ఉండవచ్చు, పడకపోవచ్చు. ఎడ్లకు పసుపు పూసి, నాగలికి పూజ చేసి ఒక చాలు దున్నడం మాత్రం ఆగదు. అసలు సేద్యం వానతో మొదలవుతుంది. ఏడాది మాత్రం ఆ చాలుతో మొదలవుతుంది. పంటను ఆశించి దున్నిన చాలు కాదది. చేపను ఆశించి వేసిన గాలమూ కాదిది.

ఆరంభదినాలు మరెన్నో చోట్ల ఉన్నాయి. మిషిగన్‌లో అది ఏప్రిల్ చివరి శనివారం. మిజోరిలోని ట్రౌట్ పార్కుల్లో మార్చి 1. దక్షిణార్ధగోళంలో ఋతువులు తలకిందులు కాబట్టి న్యూజీలాండ్‌లోని చాలా ఏర్లకు అక్టోబర్ 1. భారతదేశంలో ట్రౌట్ బ్రిటిష్ కాలపు అతిథి. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లతో కాశ్మీర్‌లో ఈ చేప స్థిరపడింది. ఇప్పుడక్కడ ఏర్లను ముక్కలుగా విభజించి, ముక్కకు ఇంతమంది అని అనుమతులు ఇస్తారు. అక్కడి వేటకాలమూ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో హెచ్.సి. విల్సన్ నీలగిరుల ఏర్లలో రెయిన్‌బో ట్రౌట్‌ను నిలబెట్టాడు. అవలాంచి దగ్గరి పెంపక కేంద్రం ఆ నాటిదే. తెలుగు నదులకు ఈ చేప ఎన్నడూ రాలేదు. గోదావరి, కృష్ణల నీరు దానికి కాగిన నీరే.

కాట్‌స్కిల్‌లో ఏప్రిల్ మూడో వారం గడిచాక ఒడ్డున జనం పలచబడతారు. ఏటి పంచాంగం ప్రకారం అసలు వేట మొదలయ్యేది అప్పుడే. మధ్యాహ్నం రెండు గంటలకు నీరు పది డిగ్రీలు తాకుతుంది; మొదటి బూడిదరంగు రెక్క నీటి మీద నిలబడుతుంది; ఎక్కడో ఒక చిన్న వలయం లేస్తుంది. ఏప్రిల్ 1న మొద్దుబారిన వేళ్ళతో ముడులు వేసినవాడికి ఇప్పుడు ముడి తడబడదు. మే నెలంతా ఏరు ఉదారంగా ఉంటుంది, జూలైలో అలసిపోతుంది, సెప్టెంబర్‌లో మళ్ళీ చల్లబడుతుంది. అక్టోబర్ 15తో చేపను ఇంటికి తీసుకెళ్ళే గడువు ముగుస్తుంది. ఎగువ వాగుల్లో బ్రూక్ ట్రౌట్ ఆడచేప అప్పటికి గులక చిమ్మి గుంట తవ్వుతూ ఉంటుంది.